విటమిన్ మాత్రల్లో మైనం: పచ్చ చుక్క ఉంటే సరిపోతుందా?

బెల్లందూర్_కోడలు
అందరికీ నమస్కారం. మా అత్తగారికి మోకాళ్ల నొప్పులంటే డాక్టర్ కాల్షియం, విటమిన్ డి3 రాశారు. పచ్చ చుక్క చూసే తెచ్చాను. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని డబ్బా వెనక అంతా చదివి, "గ్లేజింగ్ ఏజెంట్ ఐఎన్‌ఎస్ 901, 903 అంటే ఏంటమ్మా?" అన్నారు. గ్లేజింగ్ ఏజెంట్ అంటే మెరుపు కోసం వేసేది, ఐఎన్‌ఎస్ అంటే ఆహారంలో కలిపే పదార్థాలకి ఇచ్చే అంతర్జాతీయ నంబర్. వెతికితే ఒకటి తేనెమైనం, రెండోది కార్నౌబా మైనం. "కొవ్వొత్తులు మింగమంటావా?" అని డబ్బా పక్కన పెట్టేశారు. ఆవిడ పక్కా శాకాహారి, వేంకటేశ్వరస్వామి వ్రతాలూ నిష్ఠలూ ఎక్కువ. ఇది ఒంటికి మంచిదేనా, శాకాహారమేనా? తెలిసినవాళ్లు చెప్పండి.

పీన్యా_పాన్‌మాస్టర్
నేను మాత్రల కోటింగ్ విభాగంలోనే పనిచేస్తాను, చెప్తాను. 903 అంటే బ్రెజిల్ ఈశాన్య ప్రాంతంలో పెరిగే ఒక తాటిజాతి చెట్టు ఆకుల మీద పేరుకునే మైనం. ఆకులు ఎండబెట్టి దులిపి తీస్తారు. 80 డిగ్రీలు దాటితే గానీ కరగదు, అంత గట్టిది. కోటింగ్ అయిపోయిన మాత్రలు పాన్‌లో, అంటే తిరిగే పెద్ద డ్రమ్ములో, దొర్లుతుండగా చివర్లో దీని పొడి చిటికెడు చల్లుతాం. ఒకదానికొకటి రాసుకుని మెరుపు వస్తుంది, అతుక్కోవు, గొంతులో జారుతుంది. లక్షల మాత్రల బ్యాచ్‌కి కూడా పట్టేది చాలా కొద్దిగా, అంతే. కార్ పాలిష్‌లోనూ వాడతారని భయపెట్టే పోస్టులు వస్తుంటాయి. చాక్లెట్ గోళీల మీద మెరుపూ ఇదే, మరి పిల్లలు తింటూనే ఉన్నారు కదా.

వైట్‌ఫీల్డ్_వెంకీ
బ్రో, మా ఫ్యామిలీ గ్రూప్‌లో ఒక వీడియో తిరుగుతోంది. క్యాప్సూల్‌ని వేడి నీళ్లలో వేస్తే పైన తెల్లగా ఏదో తేలుతుంది, అది ప్లాస్టిక్ అంటున్నారు. ఇంకొకడు లైటర్‌తో కాల్చి చూపిస్తున్నాడు.

పీన్యా_పాన్‌మాస్టర్
వెంకీ, తేలేది చాలావరకు తేనెమైనమో, గట్టిపరచిన నూనో అయివుంటుంది. చేపనూనె క్యాప్సూల్ చూడు, అద్దంలా కనిపిస్తుంది. లోపల ఉన్నది నూనె ఒక్కటే, దానికి మైనం అక్కర్లేదు. మల్టీవిటమిన్ క్యాప్సూల్ మాత్రం ముదురు రంగులో, లోపల ముద్దలా ఉంటుంది. నూనెలో ఐరన్, జింక్, విటమిన్ పొడులు కలిపితే కాసేపటికి అడుక్కి దిగిపోతాయి. అప్పుడు ఒక క్యాప్సూల్‌లో పొడి ఎక్కువ, ఇంకోదానిలో నూనె ఎక్కువ. అందుకే ముందు నూనెలో తేనెమైనం వేసి 65 డిగ్రీల పైన కరిగించి, చల్లారాక పొడులు కలుపుతారు. మైనం వలలా పట్టుకుని ఉంచుతుంది. అంటే ఇక్కడ మైనం కల్తీ కాదు, ప్రతి క్యాప్సూల్‌లో డోసు ఒకేలా ఉండడానికి వేసేది.
కాల్చి చూడ్డం మాత్రం మానండి. క్యాప్సూల్ పైతొడుగు ఎక్కువగా జెలటిన్, అంటే జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసేది. అది కాలితే వెంట్రుకలు కాలిన వాసనే వస్తుంది, దాన్నే ప్లాస్టిక్ అనేస్తారు.

కోరమంగళ_డాక్టరమ్మ
ఆరోగ్యం మాట వరకు చెప్తాను. మైనాన్ని మన పేగులు దాదాపు అరిగించుకోలేవు, వచ్చిన దారినే పోతుంది. కార్నౌబా మైనానికి నిపుణుల సంఘాలు పెట్టిన రోజువారీ పరిమితి శరీర బరువులో కిలోకి 7 మిల్లీగ్రాములు. 60 కిలోల మనిషికి 420 మిల్లీగ్రాములు అన్నమాట. మాత్ర మీద మెరుపు ఆ లెక్కకి దరిదాపుల్లో కూడా రాదు. తేనెటీగల ఉత్పత్తులు పడనివాళ్లు మాత్రం 901 చూసుకుని డాక్టర్‌కి చెప్పాలి. అలాంటివాళ్లు అరుదు.
ఇంకో సంగతి. పొటాషియం నెమ్మదిగా విడుదలయ్యే మాత్రలు కొన్ని మైనపు అచ్చులో చేస్తారు. మందు కరిగి ఒంటికి పట్టాక, ఖాళీ అచ్చు మలంలో మాత్ర ఆకారంలోనే బయటికి వస్తుంది. "మందు పనిచేయడం లేదు డాక్టర్, అలాగే వచ్చేస్తోంది" అని టెన్షన్‌తో వచ్చే పెద్దవాళ్లుంటారు. ఆ పొరపాటుతో రెండో మాత్ర వేసుకుంటే ప్రమాదం, పొటాషియం ఎక్కువైతే గుండె లయ తప్పుతుంది. ఇంట్లో పెద్దవాళ్లకి ముందే చెప్పి ఉంచండి.

చిత్తూరు_చిన్నోడు
పచ్చ చుక్క గురించి నేను చెప్తా. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (మన దేశ ఆహార భద్రతా సంస్థ) 2020 లేబులింగ్ నిబంధనల్లో మాంసాహారం నిర్వచనంలో పురుగులు కూడా ఉన్నాయి. కానీ పాలు, పాల పదార్థాలు, తేనె, తేనెమైనం, కార్నౌబా, షెల్లాక్ (మాత్రల మీద పూసే ఇంకో పదార్థం)లకు మినహాయింపు ఇచ్చారు. అంటే తేనెమైనం ఉన్నా పచ్చ చుక్క చట్టబద్ధమే. ఈ చుక్క నియమం ఆహారానికే కాబట్టి, డబ్బా మీద ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబర్ లేకుండా మందుగా లైసెన్స్ ఉంటే అసలు చుక్క కోసం వెతకడమే దండగ.

బెల్లందూర్_కోడలు
థాంక్యూ అండి అందరికీ. షెల్లాక్ అంటే లక్కేనా? ఏటికొప్పాక బొమ్మల మీద వేసే లక్క?

చిత్తూరు_చిన్నోడు
అదే అక్కా. మన దగ్గర ఏటికొప్పాక, ఇక్కడ బెంగళూరు నుంచి మైసూరు వెళ్లే రోడ్డులో చన్నపట్న, రెండు చోట్లా లక్కే. జార్ఖండ్, ఛత్తీస్‌గఢ్ అడవుల్లో లక్కపురుగు కుసుమ్, మోదుగ కొమ్మల మీద కడుతుంది. మాత్రల మీద అది 904. కచ్చితంగా చెప్పాలంటే మైనం కాదు, జిగురు. అందులో మైనం కొద్దిగా ఉంటుంది, శుద్ధి చేసి తీసేస్తారు.

పీన్యా_పాన్‌మాస్టర్
కరెక్ట్. కడుపులో ఆమ్లానికి కరగదు, పేగుల్లోకి వెళ్లాకే కరుగుతుంది. చేపనూనె తేన్పులు రాకూడదని కొందరు అందుకే వాడతారు. అయితే లక్క గీకేటప్పుడు పురుగులు చస్తాయి. తేనెమైనం తినేవాళ్లు కూడా దీని దగ్గర ఆగుతారు.

జయనగర్_మొక్కలమేత
నేను వీగన్‌ని (పాలు, తేనె లాంటివి కూడా ముట్టను) కాబట్టి ఈ గొడవంతా ఎప్పుడో పడ్డాను. అక్కా, మీరు మైనం కోసం 901, 903 వెతుకుతున్నారు గానీ, అసలు మందే మైనం నుంచి వస్తోంది. మార్కెట్‌లో ఉన్న డి3 ఎక్కువ భాగం లానోలిన్ నుంచి చేస్తారు. అంటే గొర్రె ఉన్నికి అంటుకుని ఉండే మైనం. ఉన్ని కడిగినప్పుడు దాన్ని తీసి, అందులోని కొలెస్ట్రాల్‌ని మార్చి, అతినీలలోహిత కాంతి పట్టిస్తే డి3 తయారవుతుంది. గొర్రెని చంపరు, నిజమే. కానీ మీ అత్తగారికి ఈ మాట చెప్పాలా వద్దా అనేది మీరే ఆలోచించుకోండి :)
లైకెన్ (రాళ్ల మీద, చెట్ల బెరడు మీద నాచులా పెరిగేది) నుంచి తీసిన డి3 ఉంది, ఖరీదెక్కువ. కాల్షియం కూడా చూడండి, కొన్ని ఆల్చిప్పల నుంచి తీస్తారు. లేబుల్ మీద ఆయిస్టర్ షెల్ అని ఉంటుంది.

మండ్య_మామయ్య
ఇదంతా చదివితే గుర్తొచ్చింది. మా కాలనీలో ఒకాయన చెరకు మైనం మాత్రలు అమ్ముతున్నాడు, కొలెస్ట్రాల్ తగ్గుతుందట. పోలికోసనాల్ అని పేరు. ఆకుపచ్చ డబ్బా, సహజమైనది అంటున్నాడు. డాక్టర్ కొలెస్ట్రాల్‌కి రాసిన స్టాటిన్ మాత్ర మానేసి ఇది వేసుకోవచ్చా?

కోరమంగళ_డాక్టరమ్మ
మామయ్యగారూ, మానకండి. 1990ల్లో క్యూబా పరిశోధకులు దీనికి గొప్ప ఫలితాలు రాశారు, ప్రపంచమంతా అమ్మేశారు. తర్వాత జర్మనీలో కొలెస్ట్రాల్ ఎక్కువున్నవాళ్లకి రోజుకు 10 నుంచి 80 మిల్లీగ్రాముల దాకా 12 వారాలు ఇచ్చి చూస్తే ఉత్తుత్తి మాత్రకీ దీనికీ తేడా కనిపించలేదు. 2006లో జామా అనే అమెరికా వైద్య పత్రికలో వచ్చింది. కోటింగ్‌లో మైనాన్ని చూసి అందరూ భయపడుతున్నారు, మైనాన్నే మందని అమ్మితే మాత్రం డబ్బులిచ్చి కొంటున్నారు!

మండ్య_మామయ్య
సరేనమ్మా. వాడికి ఇదే చూపిస్తాను.

వైట్‌ఫీల్డ్_వెంకీ
చిన్న డౌట్. ఏప్రిల్‌లో కార్‌లో పెట్టి మర్చిపోతే క్యాప్సూల్స్ అన్నీ ఒకటే ముద్ద అయ్యాయి. లోపలి మైనం కరిగిందా?

పీన్యా_పాన్‌మాస్టర్
కాదు, పైన జెలటిన్ మెత్తబడింది. దానికి వేడీ తేమా రెండూ పడవు. ఆ డబ్బా పారేయి. అలాగని ఫ్రిజ్‌లోనూ పెట్టొద్దు, తీసి మూత తెరిచిన ప్రతిసారీ చెమ్మ పడుతుంది.

బెల్లందూర్_కోడలు
అత్తగారికి చదివి వినిపించాను. తేనెమైనానికి అభ్యంతరం లేదన్నారు, "తేనెతో స్వామికి అభిషేకమే చేస్తాం" అని. జెలటిన్, ఆల్చిప్ప ససేమిరా వద్దన్నారు. ఉన్ని మైనం దగ్గర కాసేపు ఆలోచించి, "ఉన్ని శాలువా కప్పుకుంటాను గానీ మింగను" అన్నారు. డి2 అని ఇంకో రకం ఉందట, అది ఇవ్వొచ్చా?

కోరమంగళ_డాక్టరమ్మ
డి2ని ఈస్ట్, పుట్టగొడుగుల నుంచి చేస్తారు, పనిచేస్తుంది. అయితే రక్తంలో మోతాదు నిలిచి ఉండే విషయంలో డి3 మెరుగు. రాసిన డాక్టర్‌ని అడిగి మార్చండి, మోతాదు వాళ్లే చెప్పాలి.

జయనగర్_మొక్కలమేత
లైకెన్ డి3 చుక్కల మందుగా కూడా దొరుకుతుంది, అది అడిగి చూడండి. నూనె చుక్కలు కాబట్టి జెలటినూ ఉండదు, మెరుపు కోసం మైనమూ ఉండదు. కొనే ముందు లేబుల్ ఫోటో ఇక్కడ పెట్టండి, చూసి చెప్తాం.