కాలేజీ పూర్వ విద్యార్థుల సంఘం ఏటా భోజనాల దగ్గరే ఆగిపోతోంది, పిల్లల ఉద్యోగాలకు పనికొచ్చేలా చేయడం ఎలా?

గోదారి_గట్టు (ప్రశ్న):
కాకినాడ జేఎన్టీయూ పరిధిలోని అటానమస్ ఇంజినీరింగ్ కాలేజీ మాది. పూర్వ విద్యార్థుల వ్యవహారాలు ఈ ఏడాది మా విభాగానికి అప్పగించారు. సంఘం సొసైటీగా రిజిస్టరై ఉంది. జరిగేదల్లా ఏడాదికో సమ్మేళనం, శాలువాలు, గ్రూప్ ఫోటో, కాలేజీలకు గ్రేడిచ్చే నాక్ ఫైల్లో 5.4 (పూర్వ విద్యార్థుల అంశం) కింద పెట్టడానికి నాలుగు కాగితాలు. తెలిసినవాళ్లు మూడు విషయాలు చెప్పండి. మెంటరింగ్ మొదలుపెడితే రెండో నెలకే ఎందుకు చల్లబడుతుంది? అమెరికాలో ఉన్నవాళ్లు ల్యాబ్‌కు డబ్బిస్తామంటున్నారు, నేరుగా సంఘం ఖాతాలో వేయించుకోవచ్చా? విదేశాల్లో చాప్టర్లు (సంఘం శాఖలు) పెడితే ఒరిగేదేమైనా ఉందా? జాబితా ఎక్సెల్‌లో ఉంది కానీ సగం మెయిళ్లు వెనక్కొస్తున్నాయి.

రెండో_బెంచీ:
ముందు జాబితా సంగతి చూడండి, మిగతావన్నీ దాని మీదే నిలబడతాయి. పేరుతో వెతికితే మనవాళ్లు దొరకరు. మార్కుల మెమోలో ఇంటిపేరు పొడి అక్షరంగా ముందుంటుంది, పాస్‌పోర్టు తీసుకున్నాక వెనక్కి పోతుంది, పెళ్లయ్యాక కొందరికి మారిపోతుంది. అందుకే మనిషికి గుర్తుగా హాల్‌టికెట్ నంబరే పెట్టుకోండి. అందులో మొదటి రెండంకెలు చేరిన ఏడు, తర్వాతి రెండు కాలేజీ కోడ్, 1ఏ అంటే రెగ్యులర్, 5ఏ అంటే లేటరల్ ఎంట్రీ, ఆపైన బ్రాంచి (01 సివిల్, 03 మెకానికల్, 04 ఈసీఈ, 05 సీఎస్ఈ). చేరిన ఏడుకు నాలుగు కలిపి బ్యాచ్ లెక్కకట్టేస్తుంటారు, తప్పు జరిగేది అక్కడే. డిప్లొమా తర్వాత ఈసెట్ రాసి నేరుగా రెండో ఏట చేరినవాళ్లకు మూడే కలపాలి. లేకపోతే వాళ్లు సొంత క్లాసులో కాకుండా జూనియర్లలో తేలతారు.

మామూలు జీమెయిల్ నుంచి రోజుకు 500 మందికి మించి మెయిల్ వెళ్లదు. కాలేజీ డొమైన్ వాడండి, మెయిల్ నిజంగా మీ డొమైన్ నుంచే వచ్చిందని చూపే ఎస్‌పీఎఫ్, డీకేఐఎం రికార్డులు సరిగ్గా ఉన్నాయో లేదో సిస్టమ్ అడ్మిన్‌తో చూపించాకే పంపండి. లేదంటే చాలా మెయిళ్లు నేరుగా స్పామ్‌లోకే పోతాయి. వెనక్కొచ్చిన చిరునామాలకు మళ్లీ మళ్లీ పంపకండి, దానివల్ల డొమైన్‌కే చెడ్డపేరు వస్తుంది. ప్రతి బ్యాచ్‌కీ వాట్సాప్ గ్రూపు నడిపే మనిషి ఒకరుంటారు, ఆరు గడులకు మించని ఫారం ఆ మనిషి చేతే గ్రూపులో పెట్టించండి. ఎవరికి ఏ వివరం ఇవ్వవచ్చో ఫారంలోనే అనుమతి తీసుకోండి. డేటా రక్షణకు 2023లో చట్టమే వచ్చింది, అడగకుండా ఫోన్ నంబర్లు పిల్లలకు పంచితే ఇబ్బందే.

సంఘం పనిగా ఎవరూ లెక్కలోకి తీసుకోనిది ఇంకొకటుంది. కొత్త ఉద్యోగం వచ్చినవాళ్ల డిగ్రీ సరైనదేనా అని కంపెనీల తరఫున వెరిఫికేషన్ మెయిళ్లు వస్తాయి. అవి ఆఫీసు ఇన్‌బాక్స్‌లో పడి ఉంటే అవతల ఆఫర్ ఆగిపోతుంది. సీఎంఎం (అన్ని సెమిస్టర్ల మార్కుల మెమో) నకలు, ట్రాన్‌స్క్రిప్ట్, ఓడీ (ఒరిజినల్ డిగ్రీ) దగ్గరా ఇదే తంతు. వీటన్నిటికీ ఒకే మెయిల్ ఐడీ, ఒక బాధ్యుడు, మూడు పనిదినాల గడువు పెట్టండి. ఏ పత్రం కాలేజీ పరీక్షల విభాగం ఇస్తుందో, దేనికి యూనివర్సిటీకి వెళ్లాలో, ఫీజెంతో ఒక పేజీలో రాసి వెబ్‌సైట్‌లో ఉంచండి. ముందు ఈ మేలు చేయండి, తర్వాత మీరడిగే సాయానికి జవాబొస్తుంది.

ఖాతా_పుస్తకం:
డబ్బు విషయంలో తొందరపడొద్దు. పంపేవారి పాస్‌పోర్టు ఏ దేశానిదన్నదే అసలు ప్రశ్న. భారత పౌరుడిగానే ఉన్న ఎన్నారై తన సొంత పొదుపులోంచి బ్యాంకు ద్వారా పంపితే ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) లెక్కలో అది విదేశీ విరాళం కాదు. పాస్‌పోర్టు నకలు తీసుకుని రసీదుతో కలిపి ఫైల్ చేయండి. అమెరికా పౌరసత్వం తీసుకున్నవారైతే, భారత సంతతి విదేశీయులకిచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే, పది డాలర్లు కూడా విదేశీ విరాళమే. ఆ చట్టం కింద రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ లేకుండా తీసుకోకూడదు.

రిజిస్ట్రేషన్ కావాలంటే సంఘానికి కనీసం మూడేళ్ల వయసుండాలి, గడిచిన మూడు ఆర్థిక సంవత్సరాల్లో అసలు లక్ష్యాల మీద 15 లక్షలు ఖర్చుపెట్టి ఉండాలి. సమ్మేళనం భోజనాల బిల్లులతో ఆ లెక్క నిండదు. వచ్చాక కూడా నిబంధనలు గట్టివే. 2020 సవరణ తర్వాత విదేశీ సొమ్ము ఏదైనా న్యూఢిల్లీలోని ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచి ఖాతాలోకే ముందు రావాలి. పరిపాలన ఖర్చులు 20 శాతం దాటకూడదు. మరో సంస్థకు మళ్లించడం కుదరదు. చాలామంది చిక్కుకునేది ఈ చివరిదాని దగ్గరే. కాలేజీ ఒక సొసైటీది, మీ సంఘం మరో సొసైటీ అయితే, ల్యాబ్ కోసం వచ్చిన విదేశీ డబ్బును సంఘం కాలేజీకి చెక్కు రాసివ్వలేదు. "ఫలానా యూనివర్సిటీకి మినహాయింపు ఉందటగా" అని ఎవరైనా అంటారు. అది చట్టం ద్వారా ఏర్పడి కాగ్ (ప్రభుత్వ ఆడిటర్) తప్పనిసరిగా ఆడిట్ చేసే సంస్థలకు. విడిగా ఉన్న పూర్వ విద్యార్థుల సంఘానికి అది వర్తించదు.

మీరిచ్చే రసీదు అమెరికా పన్ను లెక్కలో పనికిరాదు. అందుకే అక్కడివాళ్లు 501(సి)(3) సంస్థ, అంటే విరాళాలకు అక్కడ పన్ను మినహాయింపు దొరికే సంస్థ పెడతామంటారు. ఏడాది వసూళ్లు 50,000 డాలర్లు, ఆస్తులు 2,50,000 డాలర్లు దాటవనుకుంటే ఆ హోదాకు 1023-ఈజెడ్ అనే చిన్న దరఖాస్తుకు వీలుంటుంది, రుసుము 275 డాలర్లు. ఉద్యోగి ఇచ్చినదానికి జోడిగా కంపెనీలిచ్చే మ్యాచింగ్ విరాళాలకూ ఈ హోదా కావాలి. వసూళ్లు ఆ స్థాయిలోనే ఉంటే ఏటా 990-ఎన్ అనే చిన్న రిటర్ను వేస్తే చాలు, కానీ వరసగా మూడేళ్లు మరిచిపోతే హోదా దానంతటదే రద్దవుతుంది. కార్యదర్శి మారినప్పుడల్లా ఈ ప్రమాదం ఉంటుంది. పైగా ఆ సంస్థ ఇక్కడికి పంపే డబ్బూ విదేశీ విరాళమే. నా మాటగా చెప్పాలంటే, మొదటి రెండేళ్లు వాళ్ల డబ్బు కాదు, సమయం అడగండి.

ప్లేస్‌మెంట్_గది:
సమయం అడిగేటప్పుడు కూడా కొలత చెప్పాలి. "మన పిల్లలకు గైడెన్స్ ఇవ్వండి" అంటే ఎవరూ కాదనరు, ఎవరూ చేయరు. మూడు నెలలు, నాలుగు కాల్స్, ఒక్కోటి 40 నిమిషాలు, ఒక మెంటర్‌కు ఇద్దరు పిల్లలు అని అడగండి. ఇద్దరెందుకంటే ఒకరు రాకపోయినా కాల్ ఆగదు. మొదటి విడతకు 15 మంది మెంటర్లు చాలు.

చల్లబడడానికి కారణం ఎక్కువగా మెంటర్ల బద్ధకం కాదు. సార్ బిజీగా ఉంటారేమోనని పిల్లలు మెసేజ్ పెట్టరు, పిల్లలే అడుగుతారులే అని ఆయన ఊరుకుంటారు. నాలుగు తేదీలూ మొదటి రోజే మీరే క్యాలెండర్లో వేయండి. ప్రతి కాల్‌కు రెండు రోజుల ముందు విద్యార్థి ఒక పేజీ పంపాలి: ఏం చేశాను, ఎక్కడ ఆగాను, ఏం అడగాలి. పేజీ రాకపోతే ఆ కాల్ లేదు. నాలుగో వారంలో మీరు ఇద్దరికీ విడివిడిగా ఫోన్ చేయండి, పొసగని జతను అప్పుడే మార్చేయండి. సెమిస్టర్ పరీక్షల వారాలు తప్పించండి.

రిఫరల్ (కంపెనీలో పనిచేసేవారి సిఫారసు) విషయం పిల్లలకు విడిగా నేర్పాలి. చాలా కంపెనీల్లో ముందే సొంతంగా దరఖాస్తు పెట్టినవాళ్లకు తర్వాత రిఫరల్ తగిలించడం కుదరదు. కాబట్టి ముందు మెసేజ్, తర్వాతే దరఖాస్తు. మెసేజ్‌లో జాబ్ ఐడీ, ఆ పనికి తను ఎందుకు సరిపోతాడో మూడు వాక్యాలు, పీడీఎఫ్ రెజ్యూమె ఉండాలి. "ఏదైనా ఓపెనింగ్ ఉంటే చెప్పండన్నా" అనే మెసేజ్‌కు అన్నయ్య ఏం చేయగలడు?

గోదారి_గట్టు:
చాలా ఉపయోగం. మరి చాప్టర్లు? డల్లాస్ వాళ్లు లోగో, బ్యానర్ అడుగుతున్నారు.

టెక్సాస్_ఎండ:
బ్యానర్ తర్వాత. దేశానికో చాప్టర్ అనకుండా ఊరికొకటి అనండి, కలిసేది ఊళ్లోనే కదా. కన్వీనర్‌కు రెండేళ్ల గడువు, పక్కన ఉపకన్వీనర్ ఒకరు ఉండాలి, లేకపోతే ఆయన ఊరు మారగానే చాప్టర్ పోతుంది. ఏడాదికి రెండు పనులు ఒప్పించండి: కొత్తగా దిగే పిల్లలకు మొదటి నెల సాయం, పైచదువులకు వెళ్లేవాళ్లతో ఒక ఆన్‌లైన్ సెషన్.

సెషన్‌లో మాట్లాడేది గత రెండేళ్లలో వెళ్లినవాళ్లయితేనే మంచిది. 2000లో వచ్చిన పెద్దాయన అనుభవం ఉద్యోగ సలహాకు గొప్పది, వీసా సలహాకు కాదు. జర్మనీకి 2022 నవంబరు నుంచి ఏపీఎస్ సర్టిఫికెట్ (మన చదువు పత్రాలు సరైనవేనన్న ధ్రువీకరణ) కావాలి. బ్రిటన్‌లో 2024 జనవరి నుంచి మామూలు మాస్టర్స్ కోర్సుల వాళ్లు కుటుంబాన్ని వెంట తీసుకెళ్లలేరు. ఇలాంటివి మొన్న వెళ్లినవాళ్లకే తెలుస్తాయి.

వేళ కూడా చూసుకోండి. మన శనివారం రాత్రి 8:30 అంటే వేసవిలో లండన్‌లో సాయంత్రం 4, డల్లాస్‌లో ఉదయం 10, బే ఏరియాలో 8. చలికాలంలో మూడుచోట్లా గంట వెనక్కి జరుగుతుంది. సిడ్నీకి అప్పటికే అర్ధరాత్రి దాటిపోతుంది, వాళ్లకు మన ఆదివారం ఉదయం 9కి విడిగా పెట్టండి.