నాలుగు మొక్కలు సరే, వాటి మత్తు బలానికి హద్దు ఎవరు పెట్టాలి?

విశాఖ వకీలు:
కెనడాలో ఉంటున్న మన సభ్యుడొకరు, చట్టం అనుమతించిన నాలుగు గంజాయి మొక్కలను ఇంట్లో పెంచుకుంటున్నానని, వాటిలో మత్తు ఇంకా పెరగాలంటే ఏం చేయాలో చెప్పమని గత వారం ఇక్కడ అడిగారు. పెంపకం కిటుకులు ఈ వేదిక పని కాదని నిర్వాహకులు ఆ భాగాన్ని తీసేశారు, అది సబబే. అయితే ఆ ప్రశ్న వెనక మరో ప్రశ్న ఉంది. ఇంట్లో పెంచుకోవడానికి అనుమతి ఉన్న చోట, పెంచే గంజాయి ఎంత బలంగా ఉండవచ్చో కూడా చట్టం చెప్పాలా?

ఇప్పటికున్న చట్టాలను చూస్తే, అవి మొక్కలనో తూకాన్నో లెక్కపెడతాయి తప్ప బలాన్ని లెక్కపెట్టవు. 2018 అక్టోబరు 17న అమల్లోకి వచ్చిన కెనడా చట్టం ఇంటికి నాలుగు మొక్కలంటుంది. మనిషికి కాదు, ఇంటికి. జర్మనీ 2024 ఏప్రిల్ 1 నుంచి పెద్దవారిలో ఒక్కొక్కరికి మూడు మొక్కలు అనుమతించింది. 2013లోనే చట్టం చేసిన ఉరుగ్వే ఇంటికి ఆరు మొక్కలు, ఏడాదికి 480 గ్రాములు అంది. మన దేశంలో 1985 నాటి ఎన్‌డీపీఎస్ (మాదకద్రవ్యాల నియంత్రణ) చట్టం కింద ఒక్క మొక్క పెంచినా నేరమే, పదేళ్ల వరకు కఠిన కారాగార శిక్ష, లక్ష రూపాయల వరకు జరిమానా పడవచ్చు. ఇక దొరికిన గంజాయి కిలో లోపు అయితే స్వల్ప పరిమాణం, ఇరవై కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం. ఆ కిలో మన్యంలో ఆరుబయట పెరిగినదా, మట్టి లేకుండా పోషకాలు కలిపిన నీళ్లలో పెంచి విమానంలో తెచ్చిన హైడ్రోపోనిక్ సరుకా అన్నది ఆ తూకానికి పట్టదు.

బస్తాకు ఇంత అని కిరాయి మాట్లాడుకుంటే బస్తాను కుక్కి కుక్కి నింపడం మనందరం చూసిందే. మొక్కలు లెక్కపెట్టే చట్టం కూడా మనిషిని ఆ దారికే తోస్తుందని, అందువల్ల ఆ సభ్యుడి ప్రశ్నలో వింతేమీ లేదని నా అభిప్రాయం.

మిస్సిసాగా మొక్కలవాడు:
అడిగింది నేనే కాబట్టి జవాబు చెప్పుకోవడం నా బాధ్యత. మా ఇంటి బేస్‌మెంటులో బీరువా అంత గుడారం ఒకటుంది, దానిలో నాలుగు కుండీలున్నాయి. చలికాలంలో మంచు తవ్వి లోపలికి వచ్చాక ఆ వెలుతురు ముందు పది నిమిషాలు నిలబడటం నాకు మా అమ్మ తులసికోట దగ్గర నిలబడినట్టే ఉంటుంది (పోలిక కొందరికి నచ్చదని తెలుసు, క్షమించాలి). నేను అమ్మను, పంచను, పిల్లలు లేని ఇల్లు.

బలం అన్నది ఎక్కువగా విత్తనం జాతిలోనే ఉంటుంది. నాలాంటివాడు తంటాలుపడి తెచ్చే తేడా చాలా తక్కువ. పైగా ప్రభుత్వ అనుమతి ఉన్న దుకాణంలో ఇరవై శాతం దాటిన టీహెచ్‌సీ (గంజాయిలో మత్తునిచ్చే పదార్థం) ఉన్న పూత, అంటే ఎండబెట్టిన పూలు, పట్టపగలు అమ్ముతున్నారు. అక్కడ లేని హద్దు నా బేస్‌మెంటులో ఎందుకు? ఇంట్లో వైన్ చేసుకునేవాడిని ఎన్ని శాతం వచ్చిందని ఎవరూ అడగరు కదా.

రాత్రి డ్యూటీ నర్సు:
నేను కెనడాలోని ఒంటారియోలో ఆసుపత్రి అత్యవసర విభాగంలో పనిచేస్తాను. మొక్కలవాడు గారి మీద నాకు కోపం లేదు, ఆయన తులసికోట మాట నాకు నచ్చింది కూడా. కాని మా దగ్గరకు వచ్చేవి కుండీలు కావు, మనుషులు.

వివరాలు మార్చి ఒక సంగతి చెబుతాను. కొడుకు దగ్గరకు చుట్టపుచూపుగా వచ్చిన ఒక పెద్దావిడ, సాయంత్రం టీతో పాటు ఫ్రిజ్‌లోని చాక్లెట్ కేకు ముక్క తిన్నారు. రుచి బాగుందని అరగంట తరువాత ఇంకో ముక్క తిన్నారు. రెండు గంటలకు మాట తడబడింది, కాళ్ళు తేలిపోయాయి, పక్షవాతమేమోనని ఇంటిల్లిపాదీ పరుగున తీసుకొచ్చారు. తలకు స్కాన్ తీశాం. అంతా అయ్యాక, కోడలు పక్కకు పిలిచి, ఆ కేకులో వాడిన వెన్న ఇంట్లో పెంచిన గంజాయితో తన భర్త కాచినదని చెప్పింది. అందులో ఎంత ఉందని డాక్టరు అడిగితే ఆ భర్త తల దించుకుని "మంచి జాతి మొక్కండీ" అన్నాడు. మాకు దొరికిన కొలత అదొక్కటే.

పొగ తాగితే నిమిషాల్లో తెలుస్తుంది, తింటే గంట రెండు గంటలు పడుతుంది. ఆ సందులోనే రెండో ముక్క నోట్లోకి పోతుంది. ఇది తెలిసే కెనడా ప్రభుత్వం 2019లో తినుబండారాలను దుకాణాల్లోకి అనుమతించినప్పుడు ఒక్కో ప్యాకెట్‌కు పది మిల్లీగ్రాముల టీహెచ్‌సీకి మించకూడదని పెట్టింది. ఇంట్లో కాచిన వెన్నకు ఆ హద్దు లేదు.

అలవాటుగా వాడేవారి సంగతి వేరు. ఐరోపాలోనూ బ్రెజిల్‌లోనూ 11 చోట్ల జరిపిన పరిశోధన 2019లో ఒక వైద్య పత్రికలో వచ్చింది. టీహెచ్‌సీ పది శాతం, ఆపైన ఉన్న రకాన్ని రోజూ వాడేవారికి, ఎన్నడూ వాడనివారితో పోలిస్తే, సైకోసిస్ (వాస్తవంతో సంబంధం తెగిపోయే మానసిక వ్యాధి) వచ్చే అవకాశం దాదాపు ఐదు రెట్లు కనిపించిందని అందులో ఉంది. అమెరికాలో పట్టుబడిన సరుకు 1995లో సగటున నాలుగు శాతంగా ఉంటే 2014 నాటికి పన్నెండుకు చేరింది. మీ తాతగారి కాలంలో సాధువులు పీల్చినది చూపించి ఇప్పటి దాన్ని సమర్థించడం కుదరదు.

మ్యూనిక్ విద్యార్థిని:
జర్మనీ గురించి చిన్న చేర్పు. ఇక్కడ సభ్యులు కలిసి గంజాయి పెంచి తమలో పంచుకునే పెంపకం సంఘాలు 18 నుంచి 21 ఏళ్ల లోపు సభ్యులకు పది శాతానికి మించిన టీహెచ్‌సీ ఉన్న గంజాయి ఇవ్వకూడదు. అదే పంతొమ్మిదేళ్ల కుర్రాడు తన గదిలో మూడు మొక్కలు పెంచుకుంటే వాటి బలాన్ని అడిగేవారే లేరు.

మిస్సిసాగా మొక్కలవాడు:
నర్సు గారూ, ఆ పెద్దావిడ సంగతి చదివి బాధ కలిగింది. అయితే ఆ ఐదు రెట్ల లెక్కతో బలమైన గంజాయే జబ్బుకు కారణమని రుజువైనట్టు కాదు. ముందే మనసు కలతలో ఉన్నవారు బలమైన సరుకు వైపు వెళ్ళి ఉండవచ్చు, దాన్ని పూర్తిగా విడదీయడం ఆ తరహా పరిశోధనకు సాధ్యం కాదు. ఇంకో మాట, బలమైనది ఉన్నవాడు రెండు దమ్ములతో ఆపుతాడు, బలహీనమైనది ఉన్నవాడు ఊపిరితిత్తుల నిండా పొగ పట్టిస్తాడు.

రాత్రి డ్యూటీ నర్సు:
కొంత తగ్గిస్తారు, నిజమే. బలం పెరిగినంతగా మాత్రం తగ్గించరు. పీల్చేవాడికి వర్తించే ఆ మాట తినేవారికి అసలే వర్తించదు.

చింతపల్లి మాస్టారు:
చదువుకున్నవారి మధ్య మాట్లాడటానికి మొహమాటంగా ఉన్నా, ఈ 'బలం' అనే మాట మా ప్రాంతంలో ఎలా వినిపిస్తుందో చెప్పాలనిపించింది. నేను మన్యంలో ముప్పై ఏళ్లు బడిపంతులుగా ఉన్నాను. శీలావతి అనే గంజాయి రకం పేరు మా పిల్లలకు పాఠ్యపుస్తకంలోని పద్యం కంటే ముందే తెలిసేది. ఆ విత్తనం గిరిజనుడు వెతుక్కుంటూ వెళ్ళి తెచ్చుకున్నది కాదు. పైనుంచి వచ్చిన వ్యాపారి, దీనికే ధర పలుకుతుందని చెప్పి, పెట్టుబడి చేతిలో పెట్టి ఇచ్చినది. 2021లో పోలీసులు ఆపరేషన్ పరివర్తన పేరుతో వేల ఎకరాల తోటలు నరికించారు, మరుసటి ఏడాది ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర కోడూరులో రెండు లక్షల కిలోల గంజాయిని కుప్పలు పోసి తగలబెట్టారు.

వకీలు గారి బస్తా సామెతకు మా దగ్గర సాక్ష్యం ఉంది. ఘాట్ రోడ్డులో చెక్‌పోస్టులు పెరిగేకొద్దీ మూటలు మోయడం కష్టమైంది, సరుకు చిక్కబడి హాష్ ఆయిల్‌గా సీసాల్లోకి దిగింది. లారీలో వెళ్ళేది జేబులో వెళ్ళసాగింది. తూకం మీద కన్నేస్తే బలం పెరుగుతుందని ఏ పరిశోధనా చేయకుండానే మా ఊరి కిరాణా కొట్టువాడు కూడా చెబుతాడు. మిస్సిసాగా బాబు నాలుగు కుండీల ముందు నిలబడి ఆనందించడం నాకు తప్పుగా కనిపించడం లేదు. మా దగ్గర పదో తరగతి తప్పిన కుర్రాడు అదే మొక్క ముందు నిలబడితే బెయిలు కోసం వాళ్ళ అమ్మ పుస్తెలు తాకట్టు పెడుతుంది. అంతే తేడా.

విశాఖ వకీలు:
మాస్టారు గారికి నమస్కారం. మొక్కలవాడు గారి వైన్ వాదనకు జవాబు కెనడా చట్టంలోనే ఉంది. అక్కడ ఇంట్లో బీరు, వైన్ చేసుకోవచ్చు. లైసెన్సు లేకుండా సారా మాత్రం దించకూడదు. గంజాయి చట్టం కూడా, ఇంట్లో సేంద్రియ ద్రావకాలు వాడి మత్తును విడిగా తీయడాన్ని నిషేధించింది. మంటలు, పేలుళ్ల భయం దానికి ముఖ్య కారణమే అయినా, ఇంటి గడప లోపల బలానికి గీత గీయడం చట్టానికి కొత్త కాదని దీనితో తెలుస్తోంది.

అయినా పూత శాతానికి హద్దు పెడితే దాన్ని అమలు చేయడానికి పోలీసు బేస్‌మెంటు మెట్లు దిగాలి. దానికి నేను ఒప్పుకోను. మెట్లు దిగకుండా చేయగలిగేది విత్తనం అమ్మే చోట చేయాలి. ఈ జాతి నుంచి సాధారణంగా ఎంత శాతం వస్తుందో ప్యాకెట్ మీద రాయించాలి, మరీ ఎక్కువ వచ్చే జాతులను ఇంటి పెంపకానికి అమ్మకూడదు.

మిస్సిసాగా మొక్కలవాడు:
నా రెండు మొక్కలు విత్తనం నుంచి వచ్చినవి కావు, స్నేహితుడు ఇచ్చిన కొమ్మల నుంచి వచ్చినవి. మీ ప్యాకెట్ వాటికి ఏం చెబుతుంది?

రాత్రి డ్యూటీ నర్సు:
ఆ ప్రశ్న మీరే అడిగారు కాబట్టి నేనూ ఒకటి అడుగుతాను. ఇప్పుడు మీ అలమరలో ఉన్న సీసా మీద ఏం రాసి ఉంది?

మిస్సిసాగా మొక్కలవాడు:
లేచి వెళ్ళి చూసి వచ్చాను. మూడు సీసాలున్నాయి. మొదటిదాని మీద "నవంబరు, కిటికీ వైపు కుండీ" అని, రెండోదాని మీద "జాగ్రత్త" అని నా చేతిరాతే ఉంది. మూడోది పాత ఆవకాయ జాడీ, దాని మీద ఇప్పటికీ మా అమ్మ అంటించిన కాగితమే ఉంది.