ఉగాది దాకా కదలని క్యాంపర్ వ్యాన్‌ని చెన్నై వానల్లో ఎలా ఉంచాలి?

ముడిచూరు బాబాయ్:
అందరికీ నమస్కారం. అమ్మాయి పురుడుకి అమెరికా వెళ్తున్నాం. దసరా వెళ్ళగానే ప్రయాణం, మళ్ళీ రాక ఉగాదికే. మా క్యాంపర్ వ్యాన్ అప్పటిదాకా ముడిచూరులో ఇంటి పక్క ఖాళీ స్థలంలో ఉంటుంది. టెంపో ట్రావెలర్ మీద కట్టించిన డీజిల్ బండి. లోపల గ్యాస్ స్టవ్, చిన్న ఫ్రిజ్, 80 లీటర్ల మంచినీళ్ళ ట్యాంకు, క్యాసెట్ టాయిలెట్ (కింది డబ్బా బయటకి తీసి ఖాళీ చేసే రకం), పైన సోలార్ ప్యానెల్ ఉన్నాయి. వీడియోలు చూస్తే అన్నీ మంచు దేశాలవే. పైపుల్లో యాంటీఫ్రీజ్, అంటే నీళ్ళు గడ్డకట్టకుండా ఆపే ద్రవం, పోయమంటున్నారు. మనకీ అది అవసరమా?

ఈసీఆర్ వాసి:
అక్కర్లేదు సార్. నీళ్ళు గడ్డకడితే దాదాపు 9 శాతం ఉబ్బుతాయి, అందుకే చలిదేశాల్లో పైపులు పగులుతాయి. లేహ్‌లోనో మనాలీలోనో చలికాలం వదిలేసేవాళ్ళకి ఆ గొడవ. వాళ్ళు కూడా వాడాల్సింది ప్రొపిలీన్ గ్లైకాల్ రకమే. రేడియేటర్లో పోసే ఇథిలీన్ గ్లైకాల్ విషం, మంచినీళ్ళ పైపుల్లోకి రానివ్వకూడదు.

మనం చేయాల్సింది ఒక్కటే, చుక్క లేకుండా ఖాళీ చేయడం. గీజర్ చల్లారాక దాని డ్రెయిన్ విప్పండి. ట్యాంకు డ్రెయిన్ తెరిచి, వేడినీళ్ళ, చన్నీళ్ళ కుళాయిలు రెండూ తిప్పి ఉంచండి. పంపు కొద్దిసేపు నడిపి, నీళ్ళు రావడం ఆగగానే ఆపేయండి. షవర్ గొట్టం కిందకి వేలాడదీయండి. పంపు ముందుండే ఫిల్టర్ గిన్నెలో నీళ్ళు మిగిలిపోతాయి, చాలామంది దాన్ని చూడరు. టాయిలెట్ క్యాసెట్ కడిగి ఆరబెట్టి, రబ్బరు సీలుకి సిలికాన్ గ్రీజు రాసి, డబ్బా మూతలా జరిగే పలక తెరిచి వదలండి. బయటకి తెరుచుకునే ప్రతి గొట్టానికీ దోమల జాలీ కట్టండి. వాడిన నీళ్ళ ట్యాంకులో కాస్త నిలవ ఉన్నా ఈ ఊళ్ళో దోమలు గుడ్లు పెడతాయి, డెంగ్యూ సీజన్ కూడా అదే.

వేళచ్చేరి అక్క:
అన్నయ్య గారూ, పైపుల సంగతి తర్వాత. ముందు స్థలం మార్చండి. చెన్నైలో ఏడాదంతా కురిసే వానలో సగానికి పైగా అక్టోబర్, డిసెంబర్ మధ్యే పడుతుంది. 2015 డిసెంబర్‌లో అడయారు పొంగినప్పుడు ముడిచూరు, వరదరాజపురం ఎలా మునిగాయో మీకు నేను చెప్పాలా! 2023లో మిచాంగ్ తుపాను వచ్చినప్పుడు మా వేళచ్చేరి వంతు. 2024 అక్టోబర్‌లో హెచ్చరిక రాగానే జనం కార్లు తీసుకెళ్ళి మా ఫ్లైఓవర్ మీద వరసగా పెట్టేశారు. మీరు అమెరికాలో ఉంటే మీ బండిని ఎవరు కదుపుతారు? ఎత్తయిన చోట డబ్బు కట్టి పెట్టుకోండి, లేదా బెంగళూరులో చుట్టాలుంటే అక్కడికి పంపండి. తాళం నమ్మకమైన మనిషి దగ్గర ఉండాలి.

ఇన్సూరెన్స్‌లో ఇంజిన్ ప్రొటెక్ట్ (నీళ్ళు చేరి ఇంజిన్ పాడైతే డబ్బిచ్చేది) ఉందో లేదో చూసుకోండి. ఒకవేళ నీళ్ళు ఎక్కితే స్టార్ట్ చేయవద్దని ఆ తాళం మనిషికి గట్టిగా చెప్పి వెళ్ళండి. ఇంజిన్లోకి నీళ్ళు వెళ్ళాక తాళం తిప్పితే రాడ్లు వంగిపోతాయి.

మారతహళ్ళి తమ్ముడు:
బెంగళూరు పంపితే ఎలుకల సంగతి చూసుకోవాలన్నా. మా అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్‌లో ఒక బండి వైరింగ్ మొత్తం కొరికేశాయి. కిచెన్ అరల్లో పప్పు, బిస్కెట్ ప్యాకెట్, చివరికి సబ్బు ముక్క కూడా ఉంచవద్దు. పైపులు, వైర్లు ఫ్లోర్‌లోంచి దిగే కన్నాల్లో స్టీల్ పీచు కుక్కండి. కలరా ఉండల మీద నాకు నమ్మకం లేదు, పైగా ఆ వాసన పరుపుల్లోంచి ఒక పట్టాన పోదు. ఇంకోటి, బేస్‌మెంట్‌లో ఎండ ఉండదు కాబట్టి సోలార్ మీద ఆశ పెట్టుకోవద్దు.

పాత మెకానిక్:
వ్యాన్ లోపలి సామాన్లకి కరెంటిచ్చే బ్యాటరీ ఏ రకమో మీరు చెప్పలేదు. లెడ్ యాసిడ్ అయితే నిండా ఛార్జ్ చేసి ఉంచాలి, ఛార్జ్ చేశాక వాడకుండా కాసేపు వదిలి చూస్తే 12.7 వోల్టులు చూపాలి. 12.4 కంటే దిగి అలాగే ఉంటే ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడుతుంది. ఎండలో ఉన్న ప్యానెల్, మంచి కంట్రోలర్ ఉంటే దానికి మేలే. లిథియం అయితే సగం, కాస్త పైన ఛార్జ్‌తో విడదీసి ఉంచాలి. దాన్ని వేడిలో నెలల తరబడి నూరు శాతం దగ్గర నిలిపితే ఆయుష్షు తగ్గుతుంది. విప్పేటప్పుడు ముందు ప్యానెల్ వైరు, తర్వాత బ్యాటరీ. ఇంజిన్ బ్యాటరీకి నెగటివ్ టెర్మినల్ తీసేయండి.

వేళచ్చేరి అక్క:
వాచ్‌మన్‌తో వారానికోసారి స్టార్ట్ చేయిస్తే చాలదా అండీ? మా వీధిలో అందరూ అదే చేస్తారు.

పాత మెకానిక్:
వద్దమ్మా. నిలబెట్టి పది నిమిషాలు తిప్పితే, స్టార్ట్ చేయడానికి లాగిన కరెంటు కూడా సరిగ్గా తిరిగి రాదు. సైలెన్సర్లో చెమ్మ చేరుతుంది, బీఎస్6 డీజిల్ అయితే ఫిల్టర్లో మసి పేరుకుంటుంది. నెలకోసారి అరగంట రోడ్డు మీద నడిపే మనిషి ఉంటే సరే, లేకపోతే అసలు ముట్టుకోవద్దు. డీజిల్ ట్యాంకు నింపి పెట్టండి, ఖాళీ ఎంత ఉంటే అంత తేమ. యాడ్‌బ్లూ (డీజిల్ పొగని శుభ్రం చేయడానికి వేరే ట్యాంకులో పోసే ద్రవం) ఉన్న బండైతే, అది 30 డిగ్రీల దగ్గర ఏడాది, 35 దగ్గర ఆరు నెలలు నిలుస్తుంది. ఉగాదికి వచ్చేస్తారు కాబట్టి టెన్షన్ వద్దు.

హ్యాండ్ బ్రేక్ వేసి వదలకండి, బ్రేకులు పట్టేస్తాయి. గేర్లో ఉంచి చక్రాలకి చెక్క దిమ్మెలు పెట్టండి. టైర్లలో గాలి కాస్త ఎక్కువ కొట్టించండి, టైరు మీద రాసిన హద్దు దాటకుండా.

ఈసీఆర్ వాసి:
నీలం టార్పాలిన్ మాత్రం కప్పకండి సార్. లోపల చెమ్మ పట్టి వారాల్లోనే బూజు వస్తుంది, గాలికి కొట్టుకుని పెయింట్ కూడా పోతుంది. గాలి ఆడే కవర్ గానీ, పైన షెడ్డు గానీ ఉండాలి. అంతకంటే ముఖ్యం, బయల్దేరే ముందు ఒకరు పైపుతో కప్పు మీద నీళ్ళు కొడుతుంటే ఇంకొకరు లోపల టార్చ్‌తో చూడండి. వెంట్ చుట్టూ, సోలార్ స్క్రూల దగ్గర కారడం మొదలవుతుంది. పాత సీలెంట్ గీకి, బండ్లకి వాడే పాలీయురేథేన్ రకం పూయించండి. బాత్‌రూమ్ సిలికాన్ వేస్తే తర్వాత దాని మీద ఇంకేదీ అంటదు. పరుపులు నిలబెట్టండి, అరల తలుపులు, ఫ్రిజ్ తలుపు తెరిచి ఉంచండి. లేకపోతే ఉగాదికి వచ్చి తలుపు తీయగానే ముక్క వాసన కొడుతుంది.

ముడిచూరు బాబాయ్:
చాలా థాంక్స్ అండీ. పల్లావరంలో మా బావమరిది వాళ్ళ షెడ్డు ఎత్తులో ఉంది, అక్కడికి మారుస్తాను. తాళం కూడా అతని దగ్గరే. బ్యాటరీ లిథియమే, ప్యానెల్ వైరు తీసేస్తాను. గ్యాస్ సిలిండర్ ఇంటికి తెచ్చేస్తున్నాను. తిరిగొచ్చాక మంచినీళ్ళ ట్యాంకుని మామూలుగా కడిగితే సరిపోతుందా?

ఈసీఆర్ వాసి:
సరిపోదు సార్. ట్యాంకు నింపి, సువాసన కలపని 5 శాతం బ్లీచ్ లీటరుకి ఒక మిల్లీలీటరు లెక్కన, అంటే మీకు 80 మిల్లీలీటర్లు వేయండి. ప్రతి కుళాయిలోనూ ఆ వాసన వచ్చేదాకా వదిలి, కొన్ని గంటలు ఉంచి వంపేయండి. తర్వాత మంచినీళ్ళతో వాసన పోయేదాకా కడగండి. గీజర్ వెయ్యడం ఆ తర్వాతే.