కాకినాడలో వీగిపోయిన బెంగాల్ ఒప్పందం: చిత్తరంజన్ దాస్‌ది దూరదృష్టా, ఓట్ల లెక్కా?

గోదావరి గట్టు:
మాది కాకినాడ. 1923 డిసెంబరులో ఇక్కడ జరిగిన కాంగ్రెస్ మహాసభ గురించి మావాళ్లు చెప్పుకునే కథ ఒక్కటే. ఖద్దరు ప్రదర్శన ద్వారం దగ్గర టిక్కెట్టు లేదని పద్నాలుగేళ్ల దుర్గాబాయి నెహ్రూను ఆపేసిన కథ. ముచ్చటైనదే, కాదనను. కానీ అదే సభ బెంగాల్ కాంగ్రెస్ నాయకుడు దేశబంధు చిత్తరంజన్ దాస్ హిందూ ముస్లింల మధ్య కుదిర్చి తెచ్చిన బెంగాల్ ఒప్పందాన్ని కాదన్నదని మా ఇంట్లో ఎవరూ చెప్పలేదు.

ఒప్పందం సారాంశం ఇది. స్వరాజ్యం వచ్చాక బెంగాల్ ప్రభుత్వ ఉద్యోగాల్లో 55 శాతం ముస్లింలకు. స్థానిక సంస్థల్లో ఏ మతంవారు ఎక్కువగా ఉంటే వారికి 60, తక్కువవారికి 40. మసీదుల ముందు వాద్యాలు ఉండవు, మతపరమైన గోవధకు అడ్డు చెప్పరు. అప్పటి బెంగాల్ జనాభాలో సగానికి పైగా ముస్లింలే, కొలువుల్లో మాత్రం వారు బాగా వెనకబడి ఉన్నారు. దాస్ ఆ తేడాను చూశారు. కాకినాడ చూడలేకపోయింది. నా దృష్టిలో అది పెద్ద తప్పు. మీరేమంటారు?

కోర్టు పక్షి:
నలభై ఏళ్లు నల్లకోటు వేసుకున్నవాణ్ణి, కాబట్టి సాటి న్యాయవాది దాస్ మీద గౌరవంతోనే చెబుతున్నాను. దస్తావేజు తేదీ చూడండి. 1923 నవంబరులో ఎన్నికలు, డిసెంబరులో ఒప్పందం. బెంగాల్ శాసనమండలిలో దాస్ పెట్టిన స్వరాజ్య పార్టీ బలంగానే గెలిచింది, కానీ ప్రభుత్వాన్ని ఓడించాలంటే ముస్లిం సభ్యుల ఓట్లు కావాలి. ఇక దూరదృష్టి అన్న మాటెందుకు?

ఇంకొకటి. మీరు చెప్పని షరతు ఒకటుంది. ముస్లిం సభ్యులను ముస్లిం ఓటర్లే ఎన్నుకునే ప్రత్యేక నియోజకవర్గాలకు కూడా అందులో ఒప్పుకున్నారు. దేశం మొత్తానికి ఒక ఒప్పందపు ముసాయిదాను లజపతి రాయ్, అన్సారీ తయారుచేస్తుంటే, ఒక రాష్ట్రం ముందే చేతులు కలిపేసి వచ్చి ఆమోదించమంటే ఎలా?

పాత పేపర్లు:
కోర్టు పక్షి గారూ, ఓట్ల కోసం అనడానికి ఆ మనిషి చరిత్ర ఒప్పుకోదండీ. తండ్రి దివాలా తీస్తే, చట్టప్రకారం కట్టనవసరం లేని బాకీలను కూడా తాను సంపాదించాక తీర్చారు. అలీపూర్ బాంబు కేసులో అరవింద ఘోష్ తరఫున వాదించి 1909 మేలో నిర్దోషిగా బయటికి తెచ్చారు. 1920లో నాగపూర్‌కు గాంధీని ఎదిరించడానికే వెళ్లారు. తీరా అక్కడ సహాయ నిరాకరణ తీర్మానాన్ని తానే ప్రతిపాదించి, రాజుల ఆదాయం లాంటి ప్రాక్టీసును వదిలేశారు. ఇల్లు కూడా దానం చేశారు. ఇలాంటి మనిషి నాలుగు ఓట్లకు ఆశపడతారా?

కోర్టు పక్షి:
దానగుణానికి దండం పెడతాను. దాతల లెక్కలు తప్పకూడదని ఎక్కడుంది? ఓట్లు కావాలనుకోవడం నేరమని కూడా నేననలేదు. 1922లో గయ కాంగ్రెస్‌లో అధ్యక్ష పీఠం మీద ఉండి మండలి ప్రవేశం కోసం, అంటే ఎన్నికల్లో నిలిచి శాసనమండలుల్లోకి వెళ్లాలని, వాదించి ఓడిపోయి, పదవి వదిలి, మోతీలాల్ నెహ్రూతో స్వరాజ్య పార్టీ పెట్టిన మనిషి. గెలిచి చూపించాల్సిన అవసరం ఆయనకు ఉంది. 1924లో మంత్రుల జీతాలనే మండలి తిరస్కరించింది. ఒప్పందం పెట్టుబడి, ఆ ఓటింగు రాబడి.

హుగ్లీ తెలుగు:
ఉద్యోగరీత్యా కోల్‌కతాలో ఉంటున్నాను. ఇక్కడివాళ్లు ఈ వాదనలో ముందు కలకత్తా నగర కార్పొరేషన్ మాట ఎత్తుతారు. ఒప్పందం కాగితం మీదే ఆగలేదు. 1924లో దాస్ మేయరయ్యారు, సుహ్రవర్దీ డిప్యూటీ మేయరు. ముఖ్య కార్యనిర్వహణాధికారిగా సుభాస్ బోస్, అప్పటికి ఆయనకు 27 ఏళ్లే. ముస్లింలకు ఉద్యోగాలు ఇవ్వడం మొదలుపెట్టగానే హిందూ భద్రలోకం, అంటే చదువుకున్న పై వర్గం, పత్రికల్లో విరుచుకుపడింది.

పల్నాటి పిడుగు:
ఆ సుహ్రవర్దీయే కదా 1946 కలకత్తా మారణకాండ నాటికి బెంగాల్ ప్రధానమంత్రి! పాముకు పాలు పోశారన్నమాట.

హుగ్లీ తెలుగు:
ఇరవై రెండేళ్లు ముందుకు దూకేశారు తమ్ముడూ. మధ్యలో ఏం జరిగిందో కూడా లెక్కలోకి రావాలి కదా. దాస్ 1925 జూన్ 16న డార్జిలింగులో పోయారు. అప్పటికి యాభై అయిదేళ్లు కూడా నిండలేదు. ఆ మరుసటి ఏడాదే ఒప్పందాన్ని చంపేశారు. విభజనకు తొలి విత్తనం అక్కడే పడిందని మౌలానా ఆజాద్ తన ఆత్మకథలో రాశారు. అమలు చేసిన ఒప్పందం వల్ల చెడిందా, అమలు ఆపడం వల్ల చెడిందా? నాకైతే రెండోదే నిజమనిపిస్తుంది.

గోదావరి గట్టు:
ప్రత్యేక నియోజకవర్గాల సంగతి దాటవేశాను, కోర్టు పక్షి గారు పట్టుకున్నారు. ఒప్పుకుంటున్నాను, అది ఒప్పందంలోని బలహీనతే. కానీ అది దాస్ కొత్తగా తెచ్చింది కాదు. 1909 నుంచి చట్టంలో ఉంది, 1916లో లక్నోలో కాంగ్రెసే ఒప్పుకుంది. ఏడేళ్లలో అది పాపమైపోయిందా? ఉద్యోగాల మాటకొస్తే అభ్యంతరం పెట్టినవాళ్లలో ఎంతమంది ఆ కొలువుల్లో ఉన్నవాళ్ల బంధువులో ఎవరైనా లెక్క తీస్తే బాగుండును.

కోర్టు పక్షి:
లక్నో వాదన బాగుంది, దానికి నా దగ్గర జవాబు లేదు. అయితే ఒక్క ప్రశ్న. కాకినాడ కాదన్నాక 1924లో సిరాజ్‌గంజ్ సభలో బెంగాల్ కాంగ్రెస్ దీన్ని ఆమోదించింది. అంటే మనవాళ్ల మాట వాళ్లు లెక్కచేయలేదు. హుగ్లీ తెలుగు గారు చెప్పిన ఆ చంపేయడం 1926లో కృష్ణనగర్ సభలో జరిగింది. కృష్ణనగర్ ఏ రాష్ట్రంలో ఉందండీ?

గోదావరి గట్టు:
బెంగాల్‌లోనే. శీర్షికలో మా ఊరి పేరు తీసేయమంటారా?

కోర్టు పక్షి:
ఉంచండి. దుర్గాబాయి కథకు తోడు ఇంకొకటి దొరికింది మీ ఊరికి.