సప్లయర్ ఆడిట్ తర్వాత క్యాప్ (లోపాలు సరిచేసే ప్లాన్) క్లోజ్ చేస్తున్నాం, మళ్లీ అవే ఫైండింగ్స్ (ఆడిట్‌లో దొరికే లోపాలు) వస్తున్నాయి

ప్రశ్న: అందరికీ నమస్కారం. నేను సోర్సింగ్ కంప్లయన్స్‌లోకి (సప్లయర్లు నియమాలు పాటిస్తున్నారో లేదో చూసే పనిలోకి) ఈమధ్యే వచ్చాను, మా సప్లయర్లు చాలా దేశాల్లో ఉన్నారు. ఆడిట్ అవ్వగానే కరెక్టివ్ యాక్షన్ ప్లాన్ (క్యాప్) పంపిస్తాం, వాళ్లు ఫోటోలు, ట్రైనింగ్ షీట్లు అప్‌లోడ్ చేస్తారు, మావాళ్లు క్లోజ్ చేసేస్తారు, తర్వాతి ఆడిట్‌లో మళ్లీ అదే ఓవర్‌టైమ్, అవే తాళాలేసిన ఎగ్జిట్ తలుపులు. ఎక్సెల్ ట్రాకర్ పక్కనపెట్టి మంచి సాఫ్ట్‌వేర్ తీసుకుంటే మారుతుందా?

జవాబు: సాఫ్ట్‌వేర్ సంగతి తర్వాత చూడొచ్చండీ, ముందు మీ క్యాప్‌లో రూట్ కాజ్ (అసలు కారణం) కాలమ్ చదవండి. "వర్కర్లకి అవగాహన లేదు" అని ఉంటే అది కారణం కాదు, పని అయిపోయిందనిపించడానికి రాసిన మాట. తలుపుకి తాళం ఎందుకేశారని నెమ్మదిగా అడిగితే సరుకు దొంగతనం పోతుందని భయం అంటారు, అలాంటప్పుడు లోపల్నుంచి తోస్తే తెరుచుకుని బయట్నుంచి తెరుచుకోని పానిక్ బార్ తలుపు పెట్టించాలి, సరుక్కి వేరే కాపలా పెట్టించాలి. తాళం తీసిన ఫోటో ఆ ఒక్క రోజుకే సాక్ష్యం.

ఇంకోటి, ప్రాణం మీదకొచ్చే వాటిని 30, 60, 90 రోజుల గడువుల్లో అస్సలు పెట్టకండి, అదే రోజు సరిచేయించాలి. కరాచీలో అలీ ఎంటర్‌ప్రైజెస్ ఫ్యాక్టరీకి ఎస్‌ఏ8000 (పని పరిస్థితులు బాగున్నాయని ఇచ్చే) సర్టిఫికెట్ వచ్చిన కొద్ది వారాలకే, 2012 సెప్టెంబర్ 11న అగ్నిప్రమాదం జరిగి 250 మందికి పైగా చనిపోయారు. కిటికీలకి ఊచలు, తలుపులకి తాళాలు. అది తలుచుకుంటే ఫోటో చూసి క్లోజ్ నొక్కబుద్ధి కాదు.

అడిగినవారు: థాంక్సండీ. మరి ఓవర్‌టైమ్ మాటేంటి? మీ ఆర్డర్లే లేటుగా వస్తున్నాయి, మేమేం చేస్తాం అంటున్నారు సప్లయర్లు.

జవాబు: నిజమే అయ్యుండొచ్చు. మీ బయ్యింగ్ టీమ్ దగ్గర పీఓ (పర్చేజ్ ఆర్డర్) తేదీ, శాంపిల్ అప్రూవల్ తేదీ, షిప్‌మెంట్ తేదీ తీసుకుని ఆ ఫ్యాక్టరీ అటెండెన్స్ పక్కన పెట్టి చూడండి. అప్రూవల్ లేటయినా షిప్‌మెంట్ తేదీ జరపని నెలల్లోనే గంటలు పెరిగి ఉంటే ఆ యాక్షన్‌కి ఓనర్ (బాధ్యులు) మీ కంపెనీవాళ్లే, క్యాప్‌లో అలాగే రాయించండి. లోపల గొడవవుతుంది, తెలుసు, కానీ అది వదిలేసి సప్లయర్ మీదే ఒత్తిడి పెడితే ఆడిటర్లకి చూపించడానికి రెండో, దొంగ అటెండెన్స్ పుస్తకం పుడుతుంది. 2023 జనవరి 1 నుంచి అమల్లోకొచ్చిన జర్మనీ సప్లై చైన్ చట్టం కూడా కొనుగోలు పద్ధతుల్ని నివారణ చర్యల్లోనే లెక్కేసింది, మీ మేనేజ్‌మెంట్‌కి అది చూపించండి.

ఇంకో సభ్యురాలు: ఖర్చు ఎవరు పెడతారో కూడా మొదటి మీటింగ్‌లోనే తేల్చుకోండి. బట్టల ఫ్యాక్టరీలున్న రానా ప్లాజా భవనం కూలాక 2013లో వచ్చిన బంగ్లాదేశ్ అకార్డ్‌లో (ఫ్యాక్టరీల భద్రత కోసం బ్రాండ్లు, కార్మిక సంఘాలు చేసుకున్న ఒప్పందం), రిపేర్లకి ఫ్యాక్టరీ డబ్బు పెట్టగలిగేలా చూసే బాధ్యత బ్రాండ్ల మీద కూడా పెట్టారు, ఫ్యాక్టరీల వారీగా క్యాప్‌లు అందరికీ కనపడేలా పెట్టారు. ఓవర్‌టైమ్ ఫైండింగ్ అయితే ఆర్డర్లు ఎక్కువుండే సీజన్ ఒకటి గడిచాక, ఆ నెలల జీతాల రికార్డు చూసి, వర్కర్లతో మేనేజర్ లేనప్పుడు మాట్లాడాకే క్లోజ్ చేయండి, అప్పటిదాకా స్టేటస్ "వెరిఫికేషన్ పెండింగ్" అనే ఉంచండి.