20 మిల్లీగ్రాముల నివోలుమాబ్: మందా, సర్దుబాటా?

శ్రీకాకుళం చిన్నోడు:
మా అమ్మకు అంగిటి క్యాన్సర్. ముప్పై ఏళ్లు అడ్డపొగ తాగింది, చుట్ట నిప్పు నోట్లో పెట్టుకుని. ఆపరేషన్, రేడియేషన్ అయ్యాక మళ్లీ వచ్చింది. నివోలుమాబ్ అనే ఇంజెక్షన్ 240 మి.గ్రా. రెండు వారాలకోసారి ఇవ్వాలట. మా వల్ల కాదన్నాం. అయితే 20 మి.గ్రా. మూడు వారాలకోసారి ఇద్దాం అన్నారు డాక్టరు గారు. పన్నెండో వంతు! డబ్బుల్లేవని నీళ్ల మందు ఎక్కిస్తున్నట్టు కాదా?

రాత్రి డ్యూటీ:
కాదు తమ్ముడూ. ముంబై టాటా మెమోరియల్ వాళ్లు 151 మంది తల, మెడ క్యాన్సర్ పేషెంట్ల మీద చేసిన ట్రయల్ ఉంది. మెథోట్రెక్సేట్, సెలెకాక్సిబ్, ఎర్లోటినిబ్ మాత్రలు మాత్రమే వాడినవాళ్లలో ఏడాదికి బతికున్నది 16.3 శాతం. వాటికి ఈ 20 మి.గ్రా. కలిపితే 43.4 శాతం. ఈ మందు క్యాన్సర్ కణాన్ని నేరుగా చంపదు. రోగాలతో పోరాడే మన టీ కణం మీద పీడీ-1 అనే బ్రేకు ఉంటుంది, క్యాన్సర్ దాన్ని తొక్కి పట్టుకుంటుంది. అక్కడ ఈ మందు, అంటే ఒక యాంటీబాడీ, వెళ్లి కూర్చుంటే బ్రేకు పడదు. తక్కువ డోసుకే ఆ చోట్లు చాలావరకు నిండిపోతాయట. బస్సులో సీట్లు నిండాక ఇంకా జనాన్ని ఎక్కిస్తే ఏం లాభం?

లెక్కల మాస్టారు:
ట్రయల్ మంచిదే. కానీ 20ని పోల్చింది దేంతో? అసలు ఇవ్వకపోవడంతో. 240తో కాదు. సున్నా కన్నా 20 మేలని తేలింది, 240కి 20 సమానమని తేలలేదు. ఆరు వారాలకు లెక్కేస్తే 720 ఎక్కడ, 40 ఎక్కడ! పైగా 43.4 అంటే సగం మందికి పైగా ఏడాది దాటలేదు. అబ్బాయికి ఆ ముక్క కూడా చెప్పండి.

రాత్రి డ్యూటీ:
ఒప్పుకున్నాను మాస్టారూ. కానీ ఈ అబ్బాయి ముందున్నది 240యా, 20యా అన్న ప్రశ్న కాదు. 20యా, సున్నాయా అన్నది. మా వార్డులో 40 మి.గ్రా. వయల్ (మందు సీసా) తెరిస్తే దాచడానికి లేదు. అందుకే ఇద్దరిని ఒకే రోజు రమ్మంటాం, చెరి రెండు మి.లీ., అంటే చెరి 20 మి.గ్రా. ఒకరి బస్సు లేటయితే రెండోవాళ్లు గేటు వైపే చూస్తూ కూర్చుంటారు.

లెక్కల మాస్టారు:
అదే నా బాధ. ఇలా సర్దుకుపోతుంటే ధర తగ్గించమని కంపెనీని ఎవరడుగుతారు?

పసుపు కొమ్ము:
ధర సంగతి తర్వాత. తక్కువ డోసు కదా, సైడ్ ఎఫెక్ట్స్ ఉండవులే అనుకోకండి. బ్రేకు తీసిన టీ కణాలు పేగుల మీద, ఊపిరితిత్తుల మీద, థైరాయిడ్ మీద కూడా పడొచ్చు. విరేచనాలు పట్టుకున్నా, ఆయాసం వచ్చినా ఓఆర్‌ఎస్ తాగించి ఊరుకోకుండా వెంటనే డాక్టరుకు ఫోన్ చెయ్యండి.

శ్రీకాకుళం చిన్నోడు:
అందరికీ థ్యాంక్స్. శుక్రవారం మొదటి డోసు. వయల్లో సగానికి విజయనగరం ఆవిడ దొరికారట. "ఆవిడది కూడా చుట్టేనా?" అని అమ్మ పొద్దున్నుంచీ అడుగుతోంది.