రెండర్ పెడితే ర్యామ్ నిండిపోతోంది, ఎస్ఎస్‌డీ అరిగిపోతోంది. ఏం చేస్తే మంచిది?

అమలాపురం_ఎడిటర్:
అందరికీ నమస్కారమండి. పెళ్ళి వీడియోలు ఎడిట్ చేస్తుంటాను, మాఘమాసం ముహూర్తాలు మొదలయ్యాయంటే సిస్టమ్‌కి రాత్రీపగలూ ఉండదు. 16 జీబీ ర్యామ్, 500 జీబీ ఎన్‌వీఎంఈ (వేగంగా పనిచేసే రకం) ఎస్ఎస్‌డీ ఒక్కటే, ఫుటేజ్ అంతా హార్డ్‌డిస్క్‌లో. ప్రీమియర్‌లో మూడు కెమెరాల 4కే టైమ్‌లైన్, టైటిల్స్ ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో చేసి, ఫైల్‌గా తియ్యకుండా నేరుగా ప్రీమియర్‌కి లింక్ ఇస్తాను. ఎక్స్‌పోర్ట్ పెట్టగానే ర్యామ్ 97 శాతానికి పోయి మౌస్ కూడా కదలట్లేదు. డిస్క్ పరిస్థితి చూపించే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోలో చూస్తే ఎస్ఎస్‌డీ హెల్త్ 81 శాతం, ఇప్పటిదాకా రాసింది 58 టీబీ, కొని ఇంకా రెండేళ్ళు కాలేదు! కంపెనీ చెప్పిన రాతల లిమిట్ 300 టీబీ. పేజ్ ఫైల్ (ర్యామ్ చాలనప్పుడు విండోస్ డిస్క్ మీద వాడుకునే చోటు) ఆపేస్తే అరుగుదల తగ్గుతుందని ఒకరన్నారు, ఎక్స్‌పోర్ట్‌ని హార్డ్‌డిస్క్‌కి మార్చమని ఇంకొకరన్నారు. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థంలో తీసిన ఫుటేజ్ కూడా అలాగే పడుంది. టెన్షన్‌గా ఉందండి, తెలిసినవాళ్ళు చెప్పండి.

భీమవరం_కట్స్:
పేజ్ ఫైల్ మాత్రం ఆపకండి బాబూ. ప్రోగ్రాములకి విండోస్ ఇవ్వగలిగిన మొత్తం మెమరీ అంటే ర్యామ్ ప్లస్ పేజ్ ఫైల్. అది తీసేస్తే అరుగుదల సంగతేమో గానీ ఎక్స్‌పోర్ట్ మధ్యలో ప్రీమియర్ టపీమని మూసుకుపోతుంది. ఎక్స్‌పోర్ట్‌ని హార్డ్‌డిస్క్‌కి మార్చినా పెద్దగా కలిసొచ్చేది లేదు, లెక్క చూడండి: 50 ఎంబీపీఎస్‌లో గంట వీడియో అంటే 22 జీబీ చిల్లర, 58 టీబీ దాంతో రాదు. రాసేదంతా కాష్ (ప్రోగ్రాములు తాత్కాలికంగా దాచుకునే ఫైళ్ళు), పేజ్ ఫైల్. కంప్రెస్ చెయ్యని 4కే ఫ్రేమ్ ఒక్కటి 8 బిట్ రంగులో 33 ఎంబీ, 32 బిట్ ఫ్లోట్‌లో 133 ఎంబీ, ఆఫ్టర్ ఎఫెక్ట్స్ ప్రివ్యూ చేసిన ఫ్రేముల్ని ర్యామ్‌లో పెట్టుకుంటుంది, డిస్క్ కాష్‌లోకీ రాస్తుంది. పైగా లింక్ ఇచ్చారు కాబట్టి ఎక్స్‌పోర్ట్ టైములో రెండు ప్రోగ్రాములూ ఒకే 16 జీబీ కోసం కొట్టుకుంటాయి.

ముందు ఆ లింకులు తీసేయండి. టైటిల్‌ని ఆఫ్టర్ ఎఫెక్ట్స్ నుంచే ప్రోరెస్ 4444 అనే వీడియో ఫార్మాట్‌లో, ఆల్ఫాతో (వెనక పారదర్శకంగా ఉండేలా) ఫైల్‌గా బయటికి తీసి, ఆఫ్టర్ ఎఫెక్ట్స్ మూసేసి, ఆ ఫైల్‌ని టైమ్‌లైన్‌లో వేసుకోండి. నా అనుభవంలో దీనంత తేడా చూపించింది ఇంకోటి లేదు. తర్వాత ప్రీమియర్ ప్రిఫరెన్సెస్‌లో మెమరీ దగ్గర ఆప్టిమైజ్ రెండరింగ్ ఫర్ అన్నచోట మెమరీ పెట్టండి, కాస్త నిదానమైనా ఆగిపోదు. ఎక్స్‌పోర్ట్ నడుస్తుండగా విండోస్‌లోని రిసోర్స్ మానిటర్‌లో డిస్క్ ట్యాబ్ తెరిచి, రైట్ కాలమ్ మీద నొక్కి పైన ఏ ఫైల్ ఉందో చూసి చెప్పండి.

రాజమండ్రి_3డీ:
హెల్త్ 81 చూసి అంత కంగారు అక్కర్లేదండి. 300 టీబీ అన్నది వారంటీ లెక్క, అది దాటిన మర్నాడే డ్రైవ్ పోతుందని కాదు. రోజుకి 100 జీబీ రాసినా 3,000 రోజులు. నన్నడిగితే సి డ్రైవ్‌లో ఖాళీ ఎంతుందో చూడండి. డ్రైవ్ నిండేకొద్దీ వేగంగా రాసుకునే ఎస్ఎల్‌సీ కాష్ కుంచించుకుపోతుంది, లోపల డేటా అటూ ఇటూ సర్దుకోడానికే అదనంగా రాతలు పడతాయి. అయిదో వంతైనా ఖాళీగా ఉంచండి. ప్రోగ్రాముల కాష్‌కి వేరే చిన్న ఎస్ఎస్‌డీ పెట్టుకుంటే ఇంకా మంచిది, అది పోయినా పోయేది కాష్ ఒక్కటే. పెళ్ళి ఫుటేజ్ మాత్రం, హెల్త్ 100 ఉన్నా సరే, రెండుచోట్ల ఉండి తీరాలి. ఆ తలంబ్రాలు మళ్ళీ పోయించలేం కదా.

కరెంటు సంగతి కూడా చెప్తాను, గాలివాన వస్తే మన వైపు తెలిసిందే. నేను 3డీ సాఫ్ట్‌వేర్ బ్లెండర్‌లో నేరుగా వీడియోగా ఎప్పుడూ రెండర్ పెట్టను, ఫ్రేముల వరసగా పెడతాను. కరెంటు పోతే ఆ ఒక్క ఫ్రేమే పోతుంది, ఆగినచోట నుంచి మళ్ళీ పెట్టుకోవచ్చు. ప్రీమియర్‌లో అయితే ముహూర్తం, వ్రతం, రిసెప్షన్ విడివిడిగా ఎక్స్‌పోర్ట్ చేసుకోండి.

అమలాపురం_ఎడిటర్:
చూశానండి. సి డ్రైవ్‌లో ఖాళీ 22 జీబీయే. రిసోర్స్ మానిటర్‌లో అన్నిటికన్నా పైన పేజ్ ఫైలే, దాని కింద ఆఫ్టర్ ఎఫెక్ట్స్ కాష్. కాష్ ఖాళీ చేసి, టైటిల్స్ ఫైల్‌గా తీసి వేశాక ర్యామ్ 80 దగ్గర ఆగింది, మౌస్ కదులుతోంది! ఎలాగైనా 32 జీబీ చేద్దామనుకుంటున్నాను, ఇప్పుడు 8 జీబీవి రెండున్నాయి.

భీమవరం_కట్స్:
బోర్డు మీద నాలుగు స్లాట్లుంటే ఉన్న రకానివే ఇంకో రెండు తెచ్చుకోండి. రెండే ఉంటే పాతవి తీసి 16 జీబీవి జత వేసుకోవాలి, ఒక్కటే 32 వేస్తే డ్యూయల్ చానెల్ (రెండు ర్యామ్‌లు జతగా పనిచేసి ఇచ్చే వేగం) పోతుంది. కొనేముందు బోర్డు డీడీఆర్4 ర్యామ్‌దా డీడీఆర్5 ర్యామ్‌దా చూసుకోండి, ఒకదాని స్లాట్‌లో ఇంకోటి పట్టదు.